చేత్తోదా, మోటారుదా

బల్గేరియాలోని ప్లోవ్దివ్‌లో మగవాళ్ళ సుఖానికి బొమ్మలమ్మే కొట్టు. పక్షవాతంతో కుడిచెయ్యి చచ్చుబడ్డ ఒకాయన, భార్య పక్కన తలొంచుకుని నిలబడ్డాడు.

"మోటారుదే తీసుకుందామే. మీట నొక్కితే దాని పని అదే చేసుకుపోతుంది."

"దాని రొద విన్నావా? కింది వాటా ముసలమ్మ గది వేడిచేసే రేడియేటర్ గొట్టాన్ని గరిటెతో వాయించేస్తుంది."

"వాయించనీ. చేత్తో ఆడించేది నాకెందుకు? ఈ చెయ్యి చెంచానే పట్టలేకపోతోంది."

"నీ చేతినెవరు అడిగారయ్యా?"

"మరి?"

"ఇన్నేళ్ళూ బానిత్సా పొరల రొట్టెకి పిండిని కాగితంలా సాగదీసిన చేతులు నావి. జబ్బు చేసినప్పట్నించీ నన్ను దగ్గరికే రానివ్వవు."

"జాలిపడతావేమోనని..."

"జాలా, నీ మొహానికా!"

ఆయనకి చాన్నాళ్ళకి నవ్వొచ్చింది. ఎడంచెయ్యి ఆమె భుజమ్మీద వేసి, కొట్టావిడతో గట్టిగానే అన్నాడు:

"ఆ చేత్తోదే ఇవ్వమ్మా."