మక్కల మీద దిగిన కెప్టెన్ గారికి

సభాధ్యక్షులు, మన ఫ్లయింగ్ క్లబ్ పెద్దదిక్కు శ్రీరామమూర్తి గారికి, ఈ సాయంత్రం మెడలో మూడు దండలూ భుజాన ఒక శాలువా మోస్తూ కూడా చెమట కనిపించనీయని మా గురువుగారు కెప్టెన్ డెన్నిస్ గారికి, ఆ శాలువా జారినప్పుడల్లా పక్క నుంచి సర్దుతున్న మాబెల్ ఆంటీకి, ముందు వరుసలోని సీనియర్ పైలట్లకు, వెనక వరుసలో నిలబడి బిర్యానీ గిన్నెల మూతల మీదే చూపు నిలిపిన నా తోటి విద్యార్థులకు నమస్కారం.

ముందుగా క్షమాపణ. చేతులు జోడించి, తల వంచి, ఈ చాపెల్ రోడ్డు హాలు గోడల మీదున్న పాత పాస్టర్ల ఫొటోలన్నింటి సాక్షిగా, నేను చేయబోతున్న ఘోరానికి ముందే మన్నించమని వేడుకుంటున్నాను. నాంపల్లి స్టేషన్ ఎదురుగా ఉన్న ఇరానీ హోటల్లో, మూల బల్ల దగ్గర, శనివారం శనివారం మన చిన్న విమానాల వాళ్ళం కూడుకుంటామని మీలో చాలామందికి తెలుసు. తెలియనివాళ్ళ కోసం ఆ బల్ల రాజ్యాంగం చెబుతాను, పెద్దదేమీ కాదు: ఎవరి తప్పు వాళ్ళే చెప్పుకోవాలి. ఎవరు ఏ దారి తప్పారో, ఎవరి చక్రం ఏ గుంటలో కూరుకుపోయిందో ఆ మనిషే నోరు విప్పాలి, మిగతావాళ్ళు నవ్వాలి, నవ్వాక ఇంటికెళ్ళి అదే తప్పు తాము చేయకుండా చూసుకోవాలి. పక్కవాడి తప్పు చెప్పినవాడికి ఆ రోజు చాయ్ లేదు. నా వల్ల ఎన్నడూ ఏ తప్పూ జరగలేదన్నవాడి విమానం ఎవరూ ఎక్కరు. ఆ రాజ్యాంగాన్ని నేను ఈ రోజు మైకు పట్టుకుని మరీ ఉల్లంఘిస్తున్నాను. డెన్నిస్ గారి తప్పులు ఆయన ముందే, ఆయన భార్య ముందే, ఆయన చర్చి పెద్దల ముందే చెప్పబోతున్నాను. పశ్చాత్తాపం నన్ను దహించివేస్తోంది. రెండు ఉస్మానియా బిస్కెట్లు తిని ఎలాగో తట్టుకున్నాను. (నవ్వులు)

"నీకు చాయ్ బంద్‌రా పరశురాం" అని ముందు వరుసలోంచి రిచర్డ్ అంకుల్ తీర్పు చెప్పేశారు. శిరసావహిస్తాను అంకుల్. బిర్యానీ సంగతి రాజ్యాంగంలో లేదు.

అసలు నేనింత తెగించడానికి కారణం ఉంది. ఈ సభ ముగిశాక ఇక మన క్లబ్ గేటు తొక్కనని, ఏ చిన్న విమానమూ ఎక్కనని సార్ ప్రకటించారు. శ్రీరామమూర్తి గారు ఇందాక తమ ప్రసంగంలో, అంటే మన రన్‌వే కంటే కొంచెమే పొడవున్న ఆ ప్రసంగంలో, దాన్ని గౌరవప్రదమైన విశ్రాంతి అన్నారు. మా ఇంట్లో దాన్ని అలగడం అంటారు. (నవ్వులు) సార్ నవ్వలేదు, చూశాను. పరవాలేదు, ఇంకా టైముంది.

మొదటి నేరం నేను పుట్టకముందుది. సార్ అప్పట్లో ఒక కంపెనీ విమానం నడిపేవారు. వేసవిలో ఒక పెద్దమనిషిని కృష్ణా నది అవతల ఉన్న ఫ్యాక్టరీ ఎయిర్‌స్ట్రిప్‌లో దింపాలి. ఎండకు దుమ్ము లేచిన రోజున పై నుంచి చూస్తే నేలంతా ఒకే రంగు ఖద్దరు చొక్కాలా ఉంటుందని, అందులో రన్‌వే వెతకడమంటే ఊడిన దారం వెతకడమేనని సార్ చెబుతారు. ఆ రోజు ఆయనకు దారం దొరికింది. చొక్కానే వేరు. నదికి ఇవతల, ఎప్పుడో వదిలేసిన ఒక పాత ఎయిర్‌స్ట్రిప్ మీద, పూలరేకు వాలినట్టు దిగారు. అక్కడ మనుషులున్నారని తెలిసేసరికి చక్రాలు నేలను తాకేశాయి. రెండు ఊళ్ళ మధ్య క్రికెట్ మ్యాచ్, రన్‌వే నడిబొడ్డున పిచ్. ఫీల్డర్లందరూ పొలాల్లోకి ఉరికారు. బిచ్చయ్య అనే బ్యాట్స్‌మన్ మాత్రం సెంచరీ దగ్గర పడిందని క్రీజు వదల్లేదు. విమానం అతని ముందుకొచ్చి ఆగింది. సార్ తలుపు తీసుకుని దిగి, ఎంతో మర్యాదగా, "ఇది ఫ్యాక్టరీయేనా?" అని అడిగారు. బిచ్చయ్య బ్యాటు భుజాన వేసుకుని, "ఫ్యాక్టరీ గాదు, ఫైనల్. జర పక్కకు వెట్టుకోన్రి" అన్నాడు. (నవ్వులు)

విమానంలోని పెద్దమనిషి దండల కోసం దిగి, చివరికి కప్పు బహూకరించి వెళ్ళారట. సార్ ఈ కథ మా బల్ల దగ్గర ఎన్నిసార్లు చెప్పినా చివర నవ్వు ఆపేసి ఒక మాట అంటారు: "నదికి ఏ ఒడ్డున ఉన్ననో చూడలె. దొరకాలె, దొరకాలె అనుకుంట పోతే దొరికిందే కరెక్ట్ అనిపిస్తది. అదే మనల్ని సంపేది." ఆ రోజు నుంచి అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం పూట పాత పుస్తకాల కుప్పల్లో ఏ మ్యాపు కనిపించినా ఆయన కొనేస్తారు. ఆంటీ చీరలకు బీరువాలో ఒక్క అర మిగిలింది. ఇది ఆంటీయే చెప్పారు, కాబట్టి దీనికి శిక్ష నాకు కాదు.

రెండోది నేరం కాదు, శిష్యులందరికీ తెలిసిన రహస్యం. శిక్షణ విమానంలో రెండే సీట్లు. ఎడమవైపు విద్యార్థి, కుడివైపు గురువు, ఇద్దరి ముందూ నడిపే పిడి ఉంటుంది. అప్పగించేటప్పుడు "యూ హావ్ కంట్రోల్" అనాలి, అందుకున్నవాడు "ఐ హావ్ కంట్రోల్" అనాలి. ఆ తర్వాత రెండోవాడి చెయ్యి దాని మీద ఉండకూడదు. సార్ ఆ నియమం ఎన్నడూ తప్పలేదు. కానీ ఆయన చేతులు ఎక్కడుంటాయో గమనించారా? మోకాళ్ళ మీద, అరచేతులు పైకి తిప్పి, పిడికి కాస్త కింద. మొదట్లో ప్రార్థన చేసుకుంటున్నారనుకున్నాను. నా ల్యాండింగులు చూస్తే ఎవరైనా చేస్తారు. (నవ్వులు) ప్రార్థన కాదు. బిడ్డ మెట్లు దిగుతుంటే కింది మెట్టు మీద నిలబడి తల్లి చాస్తుందే, ఆ చేతులు. తగలవు, అలాగని పక్కకూ పోవు. ఈ హాల్లో ఉన్న మా అందరికీ, ఇప్పుడు పెద్ద పెద్ద విమానాలు నడుపుతూ రాలేకపోయినవాళ్ళకీ, కింద ఆ చేతులున్నాయన్న ధైర్యమే విమానం నడపడం నేర్పింది. ఇది నేను రాసుకొచ్చిన వాక్యం కాదు, దీన్ని ఎలా ముగించాలో కూడా తెలియడం లేదు. ముందుకు పోతాను.

మూడో నేరంలో నేను సహనిందితుణ్ణి. పోయినేడాది మక్కల కాలం, అంటే మొక్కజొన్న కోతల రోజులు. సారూ నేనూ ఉత్తరం వైపు దూరప్రయాణ శిక్షణకు వెళ్ళాం. తిరిగొచ్చేటప్పుడు మబ్బు కమ్మింది, ఇంజన్ దగ్గడం మొదలుపెట్టింది. సార్ మెల్లగా "ఐ హావ్ కంట్రోల్" అన్నారు. అంత మెల్లగా అన్నందుకే నాకు ప్రాణాలు పోయాయి. దగ్గర్లో ఒక పాత ఎయిర్‌స్ట్రిప్ ఉందని ఆయనకు గుర్తుంది. తీరా చూస్తే అందులో సగం పసుపు ముద్దలా మెరిసిపోతోంది. ఊరివాళ్ళు మక్కలు ఆరబోశారు. తప్పుకోండని సార్ కిందికొచ్చి రెక్కలు ఊపారు. కింద జంగమ్మ అనే పెద్దావిడ మమ్మల్ని చూసి ఆనందంగా చెయ్యి ఊపింది. మేము ఇంకోసారి ఊపాం. ఆమె కొంగు కూడా ఊపింది. ఇక మాటలతో కుదరదని ఖాళీగా ఉన్న సగం మీద దిగాం, ఆగలేక మిగతా సగంలోకి పోయాం. ఎవరికీ దెబ్బ తగల్లేదు, దేవుడి దయ. కానీ ప్రొపెల్లర్ గాలికి జంగమ్మ గారి మక్కలు మూడు పొలాల అవతలికి వలసపోయాయి.

ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకుని వచ్చింది. "ఏంది సారూ, గంత ఆకాశం ఇడిసిపెట్టి నా మక్కల మీదనే దిగాల్నా?"

"తప్పయింది అమ్మా. ఇంజన్ ఆగేటట్టుండె."

"ఆగేది నీ ఇంజను. ఎగిరేటియి నా మక్కలా?"

పైలట్ పరీక్షల్లో ఎన్నో కఠినమైన ప్రశ్నలు చూశాను, దీనికి మాత్రం సమాధానం దొరకలేదు. (నవ్వులు) ఆమె చీపురు చేతికిచ్చింది. నాలుగు బంగారు పట్టీల తెల్ల చొక్కాలో కెప్టెన్ డెన్నిస్ గారు రన్‌వే ఊడ్చారు. అక్కడ కూడా సెంటర్ లైన్ పట్టుకుని తిన్నగా ఊడుస్తుంటే, "గీతలు గీసుడు గాదు సారూ, కుప్ప జెయ్" అని జంగమ్మ దిద్దింది. నేను పక్కన నిలబడ్డాను. నా చేతులు వణుకుతున్నాయి, జేబుల్లో దాచుకున్నాను. సార్ చూశారు. తన చీపురు నాకిచ్చి తను ఇంకొకటి అడిగి తెచ్చుకున్నారు. మక్కలు కుప్పయ్యేసరికి వణుకు ఎప్పుడు పోయిందో తెలియలేదు.

తర్వాత సార్ జంగమ్మ ఫోను అడిగి తీసుకుని ఇంటికి చేశారు. సార్ ఎక్కడ దిగినా ఇంటికి చేసే ఫోనులో ఒకే మాట: "దిగిన." అది వినేదాకా ఆంటీ కంచం ముందు కూర్చోరు. ఆ రోజు ఆంటీ, "ఏడ?" అని అడిగారు. సార్ కాసేపు ఆలోచించి, "మక్కల మీద" అన్నారు. (నవ్వులు, చప్పట్లు)

ఆంటీ సార్ నడిపిన విమానం ఒక్కసారి కూడా ఎక్కలేదని మీలో ఎంతమందికి తెలుసు? వాళ్ళమ్మాయి జెర్లిన్ అక్క పసిపిల్లగా ఉన్నప్పుడు ఇద్దరూ ఒక మాట అనుకున్నారట: ఒకరు పైన ఉంటే ఒకరు కింద ఉండాలి. బిడ్డకు ఎవరో ఒకరుండాలి కదా. జెర్లిన్ అక్కకు ఇప్పుడు ఇద్దరు పిల్లలు, మాట మాత్రం అలాగే ఉండిపోయింది.

ఇంతవరకు చెప్పినవి సార్ తప్పులు. ఇప్పుడు చెప్పేది ఆయన తప్పు కాదు.

వానాకాలంలో వైద్య పరీక్షకు వెళ్ళినప్పుడు, ఆయన గుండె కొట్టుకునే తీరు నచ్చక డాక్టరు గారు సంతకం పెట్టలేదు. ఇక నడపకూడదు. మనందరికీ ఎప్పుడో ఒకరోజు వినక తప్పని మాటే అది. సార్ విన్నారు, డాక్టరు గారికి థ్యాంక్స్ చెప్పారు, ఆ శనివారం నుంచి నాంపల్లి బల్ల దగ్గరికి రావడం మానేశారు. సర్వర్ ఇప్పటికీ అలవాటుగా ఒక చాయ్ ఎక్కువ తెస్తాడు. రిచర్డ్ అంకుల్ దాన్ని తాగేస్తారు. తల దించుకోకండి అంకుల్, అందరికీ తెలిసిన విషయమే.

పోయిన నెల నాకు లైసెన్స్ వచ్చింది. నా పక్కన కూర్చునే మొదటి ప్రయాణికుడు సారే కావాలని బొగ్గులకుంటలో వాళ్ళింటికి వెళ్ళి అడిగాను. ప్రయాణికుడిగా ఎక్కొచ్చని డాక్టరు గారే చెప్పారని కూడా గుర్తుచేశాను.

"నేను ఎక్కనురా" అన్నారు.

"నా మీద నమ్మకం లేదా సార్?"

"నీ మీద లేకేంది. ఇక్కడిదాంక తెచ్చింది నేనే గద."

"మరెందుకు సార్?"

"ముట్టొద్దన్నరు గదరా. ఆ సీట్ల కూసోని నేను చేతులు ఏడ పెట్టుకోవాలె?"

నేను ప్రతిదానికీ ఒక జోకు జేబులో పెట్టుకుని తిరిగే మనిషిని. ఆ రోజు జేబులన్నీ వెతికాను. లేదు. సార్‌కు దండం పెట్టి లేచాను.

ఇక వందన సమర్పణ. ఈ హాలు మాట్లాడిపెట్టింది రిచర్డ్ అంకుల్, శాలువా తెచ్చింది శ్రీరామమూర్తి గారు, దండలు చర్చివారివి, బిర్యానీ మా బ్యాచ్ అందరిదీ. అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. మరి నువ్వేం చేశావురా అని వెనక నుంచి అడుగుతున్నారు, న్యాయమే. నేను చేసింది ఒక్క పని. అది కూడా సార్‌కు తెలియకుండా చేశాను, కాబట్టి అందరి ముందూ ఒప్పేసుకుంటాను.

ఆ రోజు సార్ దగ్గర లేచి తిన్నగా బయటికి పోలేదు. వంటింట్లోకి వెళ్ళాను. "ఆంటీ, మీరొస్తారా విమానంలో?" అని అడిగాను.

ఆంటీ పొయ్యి తగ్గించారు. "ఎవరు నడుపుతరు?"

"నేనే ఆంటీ."

"గందుకే భయం."

మళ్ళీ కూర కలపడంలో పడ్డారు. ఇక రారనుకుని నేను చెప్పులు వేసుకుంటుంటే గుమ్మం దాకా వచ్చి, సార్‌కు వినపడకుండా అన్నారు: "ఒకరు పైన ఉంటే ఒకరు కింద అనుకున్నం. ఇప్పుడు ఇద్దరం కిందనే ఉన్నం. ఒక్కపారన్న ఇద్దరం పైన ఉండాలె బిడ్డా. కానీ నేనొక్కదాన్నే ఎనక కూసోను. ఆయన నా పక్కకు ఉండాలె. నా రెండు చేతులు గట్టిగ పట్టుకోవాలె. లేకుంటె నేనెక్క."

నేను సరే అన్నాను. మిమ్మల్ని అడగకుండా, మీ తరఫున, మాటిచ్చేశాను సార్. రేపు పొద్దున మన నాలుగు సీట్ల విమానం సిద్ధంగా ఉంటుంది. ముందు కుడి సీట్లో నా బ్యాగు కూర్చుంటుంది. వెనక రెండు సీట్లు మీవి. వెనక పిడీ ఉండదు, మీటలూ ఉండవు. ఆంటీ ఉంటారు, ఆంటీకి నిజంగానే భయం. నాకేమో విమానం నడిపే పని ఉంటుంది, ఆమెను చూసుకోవడం నా వల్ల కాదు.

ఆంటీ ఇప్పటికే ఆ చేతులు పట్టుకున్నట్టున్నారు. సార్ విడిపించుకోవడం లేదు. ఇక నేను మాట్లాడితే బాగుండదు. సెలవు.