రింగులు కూర్చునే దాకా

"అవ్వా, తాత రిపేరు చేసిన కార్లో నువ్వెందుకు తిరిగితివి?"

ఎందుకేంది పాపా, నేను పోకుంటే మీ తాతను యేసేసేవాళ్లు.

ప్రొద్దుటూర్లో మీ తాతది మెకానిక్ షెడ్డు గదా. ఎలచ్చన్ల ముందర, ఓట్లకు నిలబడిన మా పార్టీ పెద్దాయన తెల్లకారు వచ్చె, పొగ కక్కుకుంటా. ఇంజను దించి, సిలిండర్ల లోపలి బోరు సాపు చేయించి, పిస్టన్లకు కొత్త రింగులేసినాడు. ఏసినాంక మూడు దినాలు... కాదు, నాలుగు, నలభై దాటకుండా తోలాలంట. కొంచెం తొక్కాల, ఇడవాల, మళ్ల తొక్కాల. అప్పుడే రింగులు బోరులో అరిగి కూర్చుంటాయంట.

పెద్దాయన డ్రైవరేమో, "జమ్మలమడుగు రోడ్డులో, ఈ కారు, నలభైలోనా? బాంబేసేటోనికి గురి చూసే పని గూడా ల్యా" అని తాళాలు మీ తాత చేతిలో పెట్టి పాయ. అవతలి పార్టీవోళ్లు కారును చూస్తారు గానీ లోపల ఎవరుండేదీ చూడరు గదా.

నేనూ వస్తానంటి. ఆడమనిషుంటే చెయ్యెత్తరు, ఆ కట్టుబాటు ఉండె అప్పుడు. కనపడాల గదా మరి, ముందు సీట్లో కూర్చోని అద్దాలన్నీ దించితి.

రెండో దినం దోవకు అడ్డంగా ఎద్దులబండి. అవతలి పార్టీవోళ్లు. వాళ్లలో ఒకాయప్ప తల కారు లోపలికి పెట్టె. చేతిలో గోనెసంచి, ఊగకుండా పట్టుకోనుండాడు. అందులో ఏముందో అడగాల్నా?

"మీ పెద్దాయన యాడమ్మా?"

"ఇంట్లో."

"మరి ఈ నత్తనడకేంది?"

మీ తాత ఎద్దులనే చూస్తా కూర్చునె. నేనే చెప్తి, "కొత్త ఇసుర్రాయిలో తొలుత తవుడు ఇసిరి పారబోస్తాం గదప్పా, గరుకు పోయేదాకా. ఇదీ అంతే, కొత్త రింగులు."

ఆయప్ప మొగం మారిపాయ. "మా జీపుకూ ఏయిస్తిమి. వారానికే పొగ."

"ఏసినాంక యెట్ల తోలితిరి?"

"పులివెందల దాకా ఆపకుండా తొక్కితిమి."

"ఇంగేం, చెడగొట్టింది మీరే."

సంచి భద్రంగా బండిమీద పెట్టొచ్చి, బానెట్టు తెరవమన్యాడు. అప్పుడొచ్చె మీ తాతకు నోరు! అదీ ఇదీ చూపిస్తా, నాలుగు దినాలు మెల్లగ తోలాలని చెప్పి నవ్వతాండాడు వాళ్లతో. నేనే గదిమితి, పోదాం పదమని.

బండి పక్కకు తీపిస్తా ఆయప్ప అడిగె, "అయిదో దినం పెద్దాయన ఎక్కుతాడా?"

బండిమీది సంచి దిక్కు చూస్తి నేను. "ఏమోప్పా, ఆ రింగులిష్టం" అంటి.

నాలుగు దినాలకే కూర్చున్యాయిలే. పొగ ఇంత ల్యా. అయినా పెద్దాయనకు ఇంకా కాల్యాదని చెప్పమంటి. "నాకు పని రాదనుకుంటాడు మే" అని మీ తాత ఒకటే రచ్చ. అనుకోనీలే అంటి. దినామూ మనిషొచ్చేది, "కాల్యానా ఇంకా?" "ఇంకొంచెం." ఓట్లు పడిందాకా మేమే తిరిగినాం ఆ కార్లో, గండి గుడికి గూడా పోయొచ్చినాం.

పెద్దాయన ఆసారి బస్సుల్లో, జనం మధ్యన తిరిగె. ఓడిపాయ. మీ తాతనైతే పనిరానోడని ఎన్నేండ్లు తిట్టె! తిట్టనీ పాపా, తిట్టేదానికి మనిషి మిగిలె గదా...