రెండు నొక్కులు

కాదక్కా, ఆ క్యారేజీ మూత తియ్యకు. నాకు ఆకలి లేదు. అబ్బే, జ్వరం కూడా లేదు. నుదుటి మీంచి చెయ్యి తీసెయ్.

నర్సరీ మేళాలో మీ ఆయనకి శాలువా కప్పుతుంటే సొంత బావమరిది మధ్యలో లేచి వెళ్లిపోయాడు, జనం ఏమనుకుంటారు? ఇది అడగడానికేనా ఇంత ఎండలో వచ్చావు? జనం సంగతి సరే. నేనేమనుకున్నానో ఒక్కసారి అడిగావా?

కూర్చో. ఆ స్టూలు తడి, ఈ గోనె మీద కూర్చో. నేను మొక్కలకి నీళ్లు పెడుతూ చెప్తాను. ఖాళీ చేతుల్తో నించుంటే నా నోటికి ఏవొస్తాయో నాకే తెలీదు.

జూన్‌లో నా లేప్‌టాప్ తడిసిపోయింది, గుర్తుందిగా? నేను భోజనానికెళ్లి వచ్చేసరికి తుంపర గొట్టం పగిలి, బల్ల మీద సరిగ్గా దాని నెత్తిన కురుస్తోంది. కాయితాలు చెదలు తింటున్నాయిరా, అన్నీ కంప్యూటర్లో ఎక్కించుకో అని నాకు చెప్పింది ఎవరు? బావే.

పదకొండేళ్ల మందారాలక్కా అందులో! ఏ చెట్టు పుప్పొడి ఏ పువ్వుకి అద్దామో, ఏ తేదీనో, కాయ నిలిచిందో రాలిందో, గింజ మొలిచాక మొదటి పువ్వు ఏ రంగులో పూసిందో, ఫోటోలతో సహా. మొక్కదేముంది, కొమ్మ తుంచి అంటు కట్టుకుంటే ఎవడి పెరట్లోనైనా పూస్తుంది. దాని తల్లేదో తండ్రేదో చెప్పగలిగినవాడిదే ఆ రకం. నా 214 నంబరు మొక్క కొమ్మలు మీకు నేనే ఇచ్చాను కదా? మా దగ్గర తెగులొస్తే మీ దగ్గరైనా బతుకుతుందని. లెక్కంతా నా దగ్గర ఉందన్న ధైర్యంతో ఇచ్చాను.

సరే. రాజమండ్రిలో గణేష్‌బాబు అని, తాడితోట దగ్గర చిన్న రిపేరు కొట్టు. లేప్‌టాప్ విప్పి, "బోర్డు పోయిందండి, డ్రైవు మాత్రం పోలేదండి" అని అందులోంచి చూపుడువేలంత పలక ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. "దీన్ని ఎస్ఎస్‌డీ అంటారండి. యూఎస్‌బీ డబ్బా ఒకటి కొని, దీన్ని అందులో పెట్టి ఏ కంప్యూటర్‌కి తగిలించినా మీ ఫోటోలన్నీ వచ్చేస్తాయి" అన్నాడు. ఆ పూట అతని దగ్గర డబ్బాలు లేవు. వారంలో సరుకొస్తుందన్నాడు. ఉండుంటే ఈ గొడవ అక్కడే అయిపోయేది.

మీ ఇంటికొచ్చి చెప్తే మీ ఆయన ఏమన్నాడు? నువ్వూ విన్నావుగా. "ఒరేయ్ రాజేంద్రా, వాటిల్లో వంద రకాలుంటాయి. నువ్వెళ్లి ఏది పడితే అది కొనేస్తావు. ఆ పలక ఇలా ఇవ్వు, ఆన్‌లైన్లో మంచిది చూసి నేను తెప్పిస్తా." ఇచ్చేశాను. బావ కదా! నాన్న పోయాక ఈ పాతిక సెంట్లకి షేడ్‌నెట్టు వేయించిన మనిషి కదా!

పది రోజులకి రమ్మన్నాడు. మీ హాల్లో, కొత్త కంప్యూటర్ ముందు. నల్లటి డబ్బా, మెరుస్తోంది. పలక అందులో పెట్టి వైరు గుచ్చాడు. నీలం లైటు వెలిగింది. నా ప్రాణం లేచొచ్చింది. చూస్తున్నాం, చూస్తున్నాం. తెర మీద ఏమీ లేదు. తీసి మళ్లీ పెట్టాడు. లైటు వెలుగుతోంది, లోపల ఏమీ కనబడదు. మూడోసారికి నా భుజం మీద చెయ్యి వేసి, "పోయిందిరా. డ్రైవు చచ్చిపోయింది" అన్నాడు.

నేను ఏడ్చాను. సిగ్గు లేకుండా ఏడ్చాను. నువ్వు వంటింటి గుమ్మంలో కాఫీ గ్లాసు పట్టుకుని నించున్నావు. కొంగు కళ్లకి అద్దుకున్నావు. అది చూసి ఇంకా ఏడ్చాను.

పైగా ఓదార్పు ఒకటి! హైదరాబాద్‌లో ఎవరో ఉన్నారట, చచ్చిన డ్రైవుల్లోంచి కూడా తీస్తారట, తెలిసినవాళ్లట. నలభై రోజులు ఉంచుకుని, ఆ పలకా ఆ డబ్బా న్యూస్‌పేపర్లో చుట్టి తిరిగిచ్చాడు. "వాళ్ల వల్లా కాలేదురా. పోనీలే, మళ్లీ మొదలెడదాం" అన్నాడు. మొదలెడదాం! నలభై ఏళ్లొచ్చాయక్కా నాకు.

అక్కణ్ణించి మేళా. మొదటి వరసలో నన్నే కూర్చోబెట్టారు, మీ ఆయన బంధువునని. స్టేజీ మీద పువ్వు పెట్టారు. దూరం నించే పోల్చుకున్నాను, నా 214. పేరు "చంద్ర గోల్డ్" అట. అప్పుడు కూడా ఏమనుకున్నానో తెలుసా? పోనీలే, నా లెక్క ఎలాగూ పోయింది, మొక్కైనా బతికింది అనుకున్నాను. ఒట్టు.

ఇంతలో కమిటీ ప్రెసిడెంటు వీరబ్రహ్మంగారు మైకులో అడిగారు: "చంద్రరావుగారూ, దీని తల్లిదండ్రులు ఏవండీ?" మీ ఆయన జేబులోంచి కాయితం తీసి చదివాడు. తల్లి 88, తండ్రి 131. అద్దిన తేదీ. కాయ కోసిన తేదీ. మొదటి పువ్వు పూసిన తేదీ.

నా నంబర్లు! నా నంబర్లేనక్కా, మార్చను కూడా మార్చలేదు! చచ్చిపోయిన డ్రైవు అంత బాగా ఎలా మాట్లాడుతుంది?

అందుకే లేచి వెళ్లిపోయాను. ఇంటికి కాదు. బస్సెక్కి రాజమండ్రి, నేరుగా గణేష్‌బాబు కొట్టుకి.

డబ్బా చూడగానే అతను నవ్వాడు. "ఇందులో పెట్టారా? కనబడదండి. ఎప్పటికీ కనబడదు." పలక తీసి గాజు కౌంటరు మీద పెట్టి, కొస మీద గోటితో చూపించాడు. "ఇవిగోండి, రెండు నొక్కులు. మీది సాటా రకం. ఈ డబ్బా ఎన్‌వీఎంఈ రకానికి, దానికి ఒకటే నొక్కు. మీది ఇందులో దూరుతుంది, లైటూ వెలుగుతుంది. మాటే కలవదు."

నాకు వెంటనే అర్థమైంది. జాతి కాని మొక్క మీద అంటు కట్టినట్టు. కట్టు బిగుస్తుంది, కొమ్మ నిటారుగా నించుంటుంది, వారం పది రోజులు పచ్చగానూ ఉంటుంది. కింద నించి నీరే ఎక్కదు.

"అయితే దీనికి తగింది ఇవ్వండి" అన్నాను. మూడు తీసి వరసగా పెట్టాడు. ఒకటి ప్లాస్టిక్‌ది, సాటాకి మాత్రమే. ఒకటి ఇనపది, బరువుగా ఉంది, రెండు రకాలూ చదువుతుందట, వేడెక్కదట. ఇంకోటి దాని కన్నా పెద్దది, ఏవో స్క్రూలు, బిళ్లలు. నేను ఇనపదాన్ని పట్టుకుంటే, "అది మీకెందుకండి, ఉన్నది ఒక్క డ్రైవేగా. ఈ ప్లాస్టిక్‌ది చాలు" అన్నాడు. అని, ఆగాడు. "అయినా ఇది మీ బావగారి దగ్గర ఉండాలి కదండీ?"

"ఏది?" అన్నాను.

"ఇదేనండి. సరుకొచ్చిన రోజే ఆయన మీ పేరు చెప్పి, ఇదీ ఆ నల్లదీ రెండూ తీసుకెళ్లారు. ఆ నల్లది మీ డ్రైవుకి పనికిరాదండి అని చెప్పాను కూడా. ఫర్వాలేదు, రెండూ ఇవ్వండి అన్నారు."

ఆన్‌లైన్ లేదు. హైదరాబాద్ లేదు. పనికొచ్చేది ఆయన ఉంచుకుని, పనికిరానిది నాకు చూపించాడు. నన్ను కూర్చోబెట్టి, నా కళ్లముందు మూడుసార్లు గుచ్చి తీశాడు, మనిషి తొణక్కుండా!

ఏంటి? నీకు తెలీదా? ఉండు, అయిపోలేదు.

గణేష్‌బాబు ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి వైరు తగిలించాడు. ఒక్క క్షణం. ఏళ్ల వారీగా నా ఫోల్డర్లన్నీ వచ్చేశాయి, ఒక్కటీ పోలేదు. వాటి చివర నేను పెట్టంది ఒకటుంది. "కేటలాగ్". తేదీ చూశాను. డ్రైవు హైదరాబాద్‌లో ఉందన్న రోజుల్లోది. అందులో అరవై మూడు ఫోటోలు. నా మూడు వేల ఫోటోల్లోంచి ఏరి పెట్టిన అరవై మూడు.

ఆ ఏరిన తీరు చూడాలక్కా. నేను కూర్చున్నా అవే ఏరతాను. మీ ఆయన వల్ల అవుతుందా అది? రేకమందారానికీ ముద్దమందారానికీ తేడా అడిగితే ఫోను తీసి వెతుక్కునే మనిషి! సరే, ఎవరినో పెట్టి ఏరించాడు అనుకుందాం. మరి పేర్లో? నేనెప్పుడూ నంబర్లే వేస్తాను. అక్కడ ఫోటోలకి పేర్లున్నాయి. 131కి "సీమచింత". 88కి "అమ్మ చీర". 214కి "మజ్జిగపులుసు".

ఈ భూమ్మీద ఆ పువ్వుని మజ్జిగపులుసు అనే మనిషి ఒక్కతే.

తల దించుకోకు. ఇటు చూడు. మీ ఆయన చేశాడంటే ఏదో ఒకటి అనుకుంటాను. పరాయివాడు, ఆశ పడ్డాడు అనుకుంటాను. నువ్వు ఆ కంప్యూటర్ ముందు కూర్చున్నావు. నేను ఏడ్చిన కుర్చీలోనే కూర్చున్నావు! ఒక్కోటి తెరిచి చూసి పేరు పెట్టి దాచావు. కొంగుతో కళ్లు తుడుచుకున్నది ఎవరి కోసం మరి?

ఏంటి? గట్టిగా చెప్పు, వినపడలేదు.

...అవును. పుప్పొడి నువ్వే అద్దావు. నేను కాదన్నానా? పొద్దున్నే పువ్వు విచ్చుకోగానే కుంచె పట్టేది నువ్వే. నా చేతికి కాయ నిలిచేది కాదు, నీ చేతికి నిలిచేది. పెళ్లయ్యాక కూడా ఆదివారం ఆదివారం బండి మీద వచ్చి, పమిట బొడ్లో దోపి అద్దేసి వెళ్లేదానివి. 214కి అద్దింది నువ్వే. నాకు గుర్తుంది.

నిన్న మధ్యాహ్నం కూర్చుని వెతికానక్కా. కొత్త లేప్‌టాప్ తెచ్చుకుని, ఆ డబ్బా తగిలించి, పదకొండేళ్ల లెక్కలోనూ నీ పేరు ఉందేమో అని. లక్ష్మీదుర్గ అని కొట్టి చూశాను. దుర్గ అని కొట్టి చూశాను. అక్క అని కూడా. ఎక్కడా లేదు. "అద్దినది: రాజేంద్ర." ప్రతీ దానికీ అదే. నువ్వు అద్దినవాటికీ అదే.

అలాగని మీ ఆయన కేటలాగులో మాత్రం ఉందా? చంద్ర గోల్డ్ అట! దానికైనా నీ పేరు పెట్టమని అడగలేకపోయావా?

అడిగావా?

ఏమన్నాడు?

...నవ్వాడా. అంతేనా, నవ్వి ఊరుకున్నాడా.

సోమవారం ఆధారం పట్టుకుని రమ్మన్నారు వీరబ్రహ్మంగారు. ఆ డబ్బా బల్ల మీద పెడితే మీ ఆయన దొంగని తేలిపోతుంది, శాలువా వెనక్కొస్తుంది. నేనేంటో మాత్రం కమిటీకి తేలదు.

ఊళ్లో అందరికీ ఏం చెప్పుకుంటున్నానో తెలుసా? "మా అక్క నోరు తెరిచి అడిగుంటే సగం రాసిచ్చేవాణ్ణి కదండీ, ఈ దొంగతనం ఎందుకు?" టీ కొట్టు దగ్గర చెప్పాను. వీరబ్రహ్మంగారికి చెప్పాను. మా ఆవిడకీ చెప్పాను. అందరూ పాపం రాజేంద్ర అన్నారు. నాకూ బాగానే ఉంది.

అబద్ధమక్కా. అడిగుంటే ఇచ్చేవాణ్ణి కాదు. కుంచె పట్టుకున్నంత మాత్రాన నీదైపోతుందా అనేవాణ్ణి.

అనేవాణ్ణేంటి, అన్నాను కూడా. మూడేళ్లయింది. ఇక్కడే, ఈ పందిరి కిందే, "ఒక్కదానికైనా నా పేరు రాయరా" అని నవ్వుతూ అడిగావు. సరిగ్గా ఈ మాటే అన్నాను. నువ్వు మర్చిపోయావనుకున్నాను.

మర్చిపోలేదు కదూ?