మూడు చిత్రాల్లో ఒకే గీత

పంతొమ్మిదివందల తొంభై మూడు ఆగస్టు మూడవ తేదీ, మంగళవారం నాడు, డాక్టర్ మల్లేశ్వరి గారు ఆదోనిలోని మన కళాశాలలో భౌతికశాస్త్ర ఉపన్యాసకురాలిగా బాధ్యతలు స్వీకరించారు. మంగళవారం కొత్త ఉద్యోగంలో చేరడం మంచిది కాదని అప్పటి అటెండరు నరసన్న ఆమెను గుమ్మంలోనే ఆపి, "రేపు రాండమ్మా, ఏం కొంప మునగదులే" అన్నాడట. "మా ఊరి బస్సు ఈ పొద్దే దొరికిందన్నా, రేపటి మాట ఎవరికి తెలుసు?" అంటూ ఆమె లోపలికి నడిచి సంతకం చేసేశారు. ఆ తర్వాత రెండేళ్లకు రసాయనశాస్త్ర విభాగంలో చేరిన నాకు ఈ సంగతి నరసన్నే చెప్పాడు. ముప్పై ఏళ్లుగా వారిని దగ్గరనుంచి చూస్తున్న సహోద్యోగిగా, వారి పదవీ విరమణ సంచికకు ఈ నాలుగు మాటలు రాసే భాగ్యం నాకు దక్కింది.

ఎమ్మిగనూరులో చేనేత కుటుంబాన జన్మించి, మగ్గం చప్పుడు మధ్యనే పాఠాలు చదువుకొని, తండ్రి సోమన్న గారి ప్రోత్సాహంతో విశ్వవిద్యాలయ విద్యను పూర్తిచేసిన మల్లేశ్వరి గారు, నాలుగేళ్లు పత్తికొండలో పనిచేసిన కాలాన్ని మినహాయిస్తే, తమ సర్వీసునంతటినీ ఈ కళాశాలకే అంకితం చేశారు. రోజూ ఎమ్మిగనూరు నుంచి బస్సులో రావడం, సాయంత్రం తిరిగి వెళ్లడం. పత్తి లారీల వెనుక బస్సు ఎంత ఆలస్యమైనా మొదటి పీరియడ్ తప్పిన రోజు నాకు గుర్తులేదు. నేను కళాశాల ఎదుటి వీధిలోనే ఉంటూ ఆలస్యంగా వచ్చేవాణ్ణి. ఆ విషయాన్ని స్టాఫ్ రూములో అందరి ముందూ గుర్తుచేయడంలో వారికి ఏనాడూ మొహమాటం లేదు.

నలభై ఆరేళ్ల వయసులో, మనమంతా ఇంక్రిమెంట్ల గురించి మాట్లాడుకుంటున్న రోజుల్లో, వారు పరిశోధనకు పేరు నమోదు చేసుకున్నారు. విషయం: పసి నక్షత్రాల చుట్టూ తిరిగే ధూళి చక్రాలు. "ఇదేం చోద్యం మేడం, ఆదోనిలో కూర్చొని అదెట్లా చూస్తారు?" అని నేనే ఎగతాళి చేశాను. వారు కోపగించుకోలేదు. విద్యార్థులకు చెప్పినట్టే నాకూ చెప్పారు: "నక్షత్రం పుట్టినప్పుడు దాని సుట్టూ దుమ్ము, వాయువు బిళ్ల మాదిరి తిరుగుతాంటాయి సార్. మన మార్కెట్ యార్డులో దూది పింజలు ఒకదానికొకటి అంటుకోని ముద్ద కట్టవా? అట్ల ఆ దుమ్ము ముద్దకట్టి, లక్షల ఏండ్లకు గ్రహమైతాది. అది తిరిగే దారిలో దుమ్మును ఊడ్సుకుంటాది. అందుకే బిళ్లలో ఆడ నల్లగా ఖాళీ గీత కనపడతాది." ఎక్కడో చిలీ ఎడారిలోని రేడియో టెలిస్కోపులు సేకరించి అందరికీ తెరిచి ఉంచిన సమాచారాన్ని మన ల్యాబ్‌లోని కంప్యూటర్లోకి దించుకొని, దాన్ని చిత్రాలుగా మార్చే ప్రోగ్రాంను స్వయంగా రాసుకొని, డాక్టరేట్ పొందిన తర్వాత కూడా పదేళ్లకు పైగా వారు ఆ గీతల కోసమే వెదికారు. పదవీ విరమణలోగా ఒక్క గ్రహం జాడనైనా చూపగలగాలి: వారి కోరికల్లా అదొక్కటే.

నిరుడు డిసెంబరులో ఆ కోరిక తీరినట్టే కనిపించింది. మూడు నక్షత్రాల చక్రాల్లో, ఇదివరకు ఎవరూ గమనించని ఖాళీ గీతలు దొరికాయి. వారి పూర్వ విద్యార్థిని, సి.బెళగల్ దగ్గరి రైతుబిడ్డ శిరీష సహరచయిత్రిగా రాసిన వ్యాసాన్ని ఒక విదేశీ పత్రిక ప్రచురణకు అంగీకరించింది. నాకు పట్టలేనంత సంబరమైంది. "ఆదోని నుంచి గ్రహాన్వేషణ" అని పెద్ద ఫ్లెక్సీ వేయించి, దాన్ని చూపించడానికి ఒక ఆదివారం మధ్యాహ్నం ఎమ్మిగనూరులోని వారింటికి వెళ్లాను.

శిరీష కూడా అక్కడే ఉంది. మంచం మీద ఆ మూడు చిత్రాలూ పక్కపక్కన పరచి ఉన్నాయి. ఎనభై నాలుగేళ్ల సోమన్న గారు కళ్లద్దాలు సవరించుకొని, చాలాసేపు వాటినే చూసి, నన్నడిగారు: "ఇవి మూడూ ఒకే మగ్గం మీద నేసినవేనాప్పా?"

నేను నవ్వాను. "గుడ్డలు కావు పెద్దాయనా, నక్షత్రాలు. మూడూ మూడు తావుల్లో, మూడు వేరే దూరాల్లో ఉండాయి."

"అట్లయితే నడిమధ్య నుంచి అంతే దూరంలో, అదే గీత మూడింట్లోనూ ఎట్లొచ్చె? దారాలను దువ్వెన మాదిరి విడదీసే అచ్చుంటాది సూడు, దాంట్లో ఒక పుల్ల వంగితే నేసిన ప్రతి చీరలోనూ అదే తావున గీత పడతాది. అది గుడ్డలో తప్పు గాదప్పా. మగ్గం సూసుకోండి."

నా నవ్వు ఆగిపోయింది. మల్లేశ్వరి గారు స్కేలు తెచ్చి కొలిచారు. మూడింటిలోనూ ఒకే కొలత. వేర్వేరు దూరాల్లోని మూడు నక్షత్రాల చుట్టూ గ్రహాలు సరిగ్గా మన కంటికి ఒకే కొలతలో కనిపించేలా తిరగడమన్నది జరిగే పని కాదు. గీత పడింది ఆకాశంలో కాదు, వారు రాసుకున్న ప్రోగ్రాంలో. వారి ముఖం చూడలేకపోయాను. శిరీష అయితే ఏడ్చేసింది. పరిశోధక విద్యార్థిగా సీటు కోసం పంపిన దరఖాస్తులో ఆమె రాసుకున్నది ఆ ఒక్క వ్యాసమే.

ఇక్కడ నా తప్పు కూడా ఒప్పుకోవాలి. "పత్రికవాళ్లే ఒప్పుకున్నారు గదా మేడం, ఊరుకోండి. అంత దూరం పోయి సూసొచ్చేదెవరు?" అన్నాను. నోరు జారి అన్నమాట కాదు, మనస్ఫూర్తిగానే అన్నాను.

"పోయి సూసేవాళ్లు లేరనే గదా సార్, మనం సరిగ్గా సెప్పాల్సింది," అని, వారు శిరీష వైపు తిరిగారు. "కండ్లు తుడుసుకో పాపా. వ్యాసం వెనక్కి తీసుకుంటాన్నామని ఉత్తరం నువ్వే రాయి. తప్పు నాదని రాయి, నీది గాదు."

మరుసటి రోజే ఉత్తరం వెళ్లింది. తమ ప్రోగ్రాంలో లోపమున్న ఆ ఒక్క వరుసను పట్టుకోవడానికి వారికి రెండు నెలలు పట్టింది. దాన్ని సరిచేయగానే మూడు గీతలూ మాయమయ్యాయి. గ్రహమూ లేదు, ఖాళీ కూడా లేదు. ఆ పొరపాటు ఎలా జరిగిందో, మరొకరు దానిలో పడకుండా ఎలా సరిచూసుకోవాలో వివరిస్తూ వారిద్దరూ రాసిన కొత్త వ్యాసాన్ని అదే పత్రిక గత నెలలో ప్రచురించింది. శిరీష సీటు సంగతి ఇంకా తేలలేదు. ఇంటర్వ్యూలో మాత్రం వ్యాసం ఎందుకు వెనక్కి తీసుకున్నావన్న ప్రశ్న దగ్గరే అరగంట గడిచిందట, అన్నీ చెప్పి వచ్చానంది. నా ఫ్లెక్సీ మా ఇంట్లో స్కూటరు మీద కప్పి ఉంది.

ఆ వ్యాసం చివర కృతజ్ఞతల్లో ఒక వాక్యం ఉంది. దాని అర్థం ఇది: "ఈ చిత్రాల్లోని లోపాన్ని మొదట గుర్తించినవారు సోమన్న, చేనేత కార్మికుడు, ఎమ్మిగనూరు." మల్లేశ్వరి గారు తండ్రికి ఆ వాక్యాన్ని వేలు పెట్టి చదివి వినిపించినప్పుడు నేను పక్కనే ఉన్నాను.  ఆయన, "నీ పేరు అన్నిటికన్నా మింద ఉంది గదామ్మా?" అని అడిగి, ఉందని చెప్పాక కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

మేడం, ఒక గ్రహం రూపు దిద్దుకోవడానికి లక్షల సంవత్సరాలు పడుతుందని మీరే చెప్పారు. మీ కోసం మేము అంత గడువు కోరడం లేదు. సంపూర్ణ ఆరోగ్యంతో, చెక్కుచెదరని చూపుతో, ఇంటిల్లిపాదితో కలిసి నిండు నూరేళ్లు ఆనందంగా జీవించండి, అది చాలు. ఇక బస్సు కోసం పరుగెత్తే పని లేదు కనుక తీరిగ్గా వెదకండి. ఆ గీత మళ్లీ కనిపించిన రోజున ముందు మీ నాయన గారికి చూపించండి. ఆయన సరేనంటే నాకు ఫోన్ చేయండి, స్కూటరు మీది ఫ్లెక్సీ దులిపి తెస్తాను.

— తిరుపాల్, రసాయనశాస్త్ర విభాగం