కుడిచేతి గోడ

"రాండ్రి, జర దగ్గరికి జరుగుండ్రి. శివుని ముచ్చట దూరంకెల్లి వింటే సగమే చెవుల పడతది. కొండల్, ఆ ఆటో బంద్ చెయ్యి. ఘియాసన్నా, చాయ్ మరగనీ, నువ్వు గూడ ఇను. జంగయ్యా, నువ్వు నా పక్కకు రా."

జంగయ్య రాలే. శంషాబాద్‌ల ఘియాసుద్దీన్ చాయ్ దుకాణం కాడ బెంచి చివరకు కూసున్నడు. మెడల శివమాల, అరికాళ్లల్ల బొబ్బలు. పెండ్లాం సునీత దవాఖానల పడ్డప్పుడు, ఆమె లేచి తిరిగితే శ్రీశైలం నడిచిపోతనని మొక్కిండు. ఆమె లేచింది, తిరుగుతున్నది. ఈయన నిన్న పొద్దుగాల బయలెల్లి తుక్కుగూడ దాక పోయి, ఇగ అడుగు పడక కొండల్ ఆటోల వాపస్ వచ్చిండు. మాల తీసేస్తనంటున్నడు. జర ధైర్యం చెప్దామని నా మొదటి నడక కథ ఎత్తుకున్న.

"గీ ఎయిర్‌పోర్టు తెరిచినంక వచ్చిన మొదటి శివరాత్రి అది. కాళ్లకు చెప్పులు లేవు, చేతిల కర్ర లేదు. శంషాబాద్‌ల అడుగు తీసిన, ఏడ కూసోకుండ నడిచిన. గంతే, పెద్ద సంగతేం కాదు."

"ఇంక చిన్నగనే ఉన్నది," అన్నడు కొండల్. "పెంచు మొగులన్నా."

"ఆగు. మామిడిపల్లికి పోయే మన పాత బండ్లబాట ఉండె గదా, దాన్ని ఎయిర్‌పోర్టు గోడ మింగింది. గోడ ముంగట నిలబడి శంభో అన్న. గేటు కాడి జవాను నా మొఖం చూసిండు, మాల చూసిండు, గేటు తీసిండు. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? నేను రన్‌వే మీద నడుస్తున్న, ఎన్కకెల్లి విమానం దిగుతున్నది. మన బజారంత ఉన్నది. చెయ్యి ఎత్తిన, ఆగింది. పైలెట్ తలకాయ బయటపెట్టి, ఎటు స్వామీ అన్నడు. శ్రీశైలం అన్న. ఎక్కు, దించుత అన్నడు. నేను ఎక్కుతనా? కాలు భూమిని ఇడువొద్దని నియమం నాయనా, నువ్వు పో అన్న. పోతడా? స్వామిని దాటిపోతే పాపమని ఎడ్లబండి లెక్క నా ఎన్కనే మెల్లగ నడిపించుకుంట వచ్చిండు. లోపలోళ్లు కిటికీలకెల్లి కొబ్బరికాయలు అందిస్తున్నరు."

"విమానం కిటికీలు తెరుసుకోవన్నా," అన్నడు కొండల్.

"శివరాత్రికి తెరుసుకుంటయి."

జంగయ్య మెల్లగ అడిగిండు, "మరి కాళ్లకు బొబ్బలు రాలేదా?"

ఆడ ఆగితే అయిపోతుండె. నా నోరు ఆగుతదా?

"బొబ్బలా? నా కాలు కింద పడ్డ ముల్లు వంగి దండం పెట్టి పక్కకు జరిగింది. తారు రోడ్డు సల్లబడ్డది. తుక్కుగూడ ఎప్పుడు దాటిందో నాకే తెల్వదు. పొద్దు నెత్తి మీదికి రాకముందే ఆమనగల్లు. పొద్దుగూకంగ మన్ననూరు అడివి. ఆడ ఎవలు ఎదురొచ్చిన్రో ఎరుకేనా? పులి. మాల చూసి కూసున్నది. అలసినట్టున్నవు స్వామీ అన్నట్టు చూసి, పంజాతోని నా కాళ్లు ఒత్తింది. గోర్లు లోపలికి పెట్టుకొని, మెత్తగ."

జంగయ్య కాళ్లు బెంచి కిందికి గుంజుకున్నడు. "గసొంటోళ్ల కోసమే అన్నా ఆ బాట. నాసొంటోడు మొదటి దినమే కూలబడ్డడు. శివుడే నన్ను ఒద్దన్నడు." చెయ్యి మాల మీదికి పోయింది.

"తియ్యి జంగన్నా," అన్నడు కొండల్. "తీస్తే చెప్పులన్న ఏసుకోవచ్చు."

ఘియాసుద్దీన్ పొయ్యి మంట తగ్గించిండు.

"మొగులన్నా, ఆ దినం పొద్దుగూకంగ నువ్వు పులి కాడ లేవు. ఏడున్నవో నాకెరుక."

"ఏడున్న?"

"గీడనే. జంగయ్య స్వామి కూసున్న గదే బెంచి మీద."

ఇగ చాలన్నట్టు నేను చెయ్యి ఊపిన. ఆయన మాత్రం ఆపలే.

"పొద్దుగాల నా కాడ చాయ్ తాగి పోయినవు. గుడి సుట్టు తిరిగినట్టు, గోడను కుడిచేతికి పెట్టుకొని నడిచినవు. మామిడిపల్లి కాడ దాన్ని ఇడిచిపెట్టి శ్రీశైలం రోడ్డు పట్టాలె. నువ్వు ఇడువలే. దినమంత ఎయిర్‌పోర్టుకు ప్రదక్షిణ చేసి, అటు దిక్కుకెల్లి మళ్ల గీడనే తేలినవు. వచ్చి నన్నే అడిగినవు, భాయ్, ఇది తుక్కుగూడనా అని."

కొండల్ ఆటో సీటు మీదికెల్లి జారిండు. "విమానాల దేవునికి మొక్కు తీరింది పో."

"గుడి సుట్టు తిరిగిన అలవాటు, కుడిచెయ్యి గోడను ఇడువలే," అన్న నేను.

"మరి ఈయన కాళ్లు?" జంగయ్య ఘియాసుద్దీన్‌ను అడిగిండు.

"నీ లెక్కనే స్వామీ. ఇంతింత బొబ్బలు."

వచ్చినకాడికెల్లి మొదటిసారి జంగయ్య నవ్విండు. "నువ్వు నవ్వలేదా భాయ్?"

ఆయన కన్న ముందు నేనే చెప్పిన. "నవ్వలే. ఇది మళ్ల శంషాబాదే అని చెప్పి నా ఇజ్జత్ తియ్యలే. తుక్కుగూడ ఇంక జర ముంగట ఉన్నది స్వామీ, కూసో అన్నడు. గోరువెచ్చని నీళ్లల్ల ఉప్పేసి కాళ్లు పెట్టమన్నడు. తెల్లారి దుకాణం మూసి మామిడిపల్లి దాక నాతోని నడిచిండు. ఈడ గోడను ఇడువు స్వామీ అని రోడ్డు చూపిచ్చిండు. ఆ రోడ్డు పట్టుకొని కుంటుకుంట, కూసుకుంట శ్రీశైలం పోయిన."

"గిన్నేండ్లు ఎందుకు చెప్పలే ఘియాసన్నా?" అన్నడు కొండల్.

"ఆయన పులితోని ఖుషీగ ఉన్నడు, నాకేంది? ఇయ్యాల ఈ స్వామి చెయ్యి మాల మీదికి పోయింది."

గట్ల అని, బకీట్ల నీళ్లు తెచ్చి జంగయ్య ముంగట పెట్టిండు. జంగయ్య మాల మీదికెల్లి చెయ్యి తీసి, పంచె పైకి గుంజి, కాళ్లు నీళ్లల్ల పెట్టి కండ్లు మూసుకున్నడు.

కొండల్ మెడ గోక్కున్నడు. "తుక్కుగూడల ఏడ నా ఆటో ఎక్కినవో, కాళ్లు నిమ్మలమైనంక ఆడనే దించుత. ఆడికెల్లి నడువు జంగ... స్వామీ."

ఇగ మీకు నేను ఒక్కటే చెప్త. ఆ విమానాన్ని మరిచిపోండ్రి. పులిని గూడ మరిచిపోండ్రి, అది మంచిదే అయినా. నడవలేక ఎనక్కి వచ్చినోన్ని, ఎందుకొచ్చినవని అడగకుండ, స్వామీ కూసో అన్నడు చూడుండ్రి ఘియాసన్న, గదొక్కటి యాదిల పెట్టుకోండ్రి. మీ ఇంటి ముంగటికి ఎవలన్న కుంటుకుంట వస్తే మీరు గూడ గట్లనే అనుండ్రి. నీళ్లల్ల ఉప్పేసుడు మరువకుండ్రి.