పంటి మీద దారపు గాడి

ఏదీ, పన్ను బాగుచేయించుకొచ్చావటగా, ఇటు వెలుతురులోకి తిరిగి నోరు తెరువు. ఊఁ. ఏది విరిగిందో ఏది మంచిదో నాకే తెలియడం లేదు. తలపిన్ను పంటితో తెరుస్తుంటే అంచు ఎగిరిపోయిందన్నావు కదూ. అచ్చం మీ నాయనమ్మ పోలికే, చేతులున్నది దేనికో మీ ఇద్దరికీ తెలియదు. ఏమిటీ, నన్నూ రమ్మన్నాడా మీ డాక్టరు? నా పంటి సంగతి ఆయనకెవరు చెప్పారు? నువ్వేనా. సరే, కూర్చో. ముందు మీ నాయనమ్మ పన్ను సంగతి విను, నాది తర్వాత. నువ్వు పుట్టకముందే పోయింది కదా, నీకు ఫొటోలో మూసిన నోరే తెలుసు. ఆ నోరు అంతసేపు మూసుకుని ఉండటం ఫొటోవాడి అదృష్టం.

ఆవిడ బట్టలు కుట్టేది, నేను గడియారాలు బాగుచేసేవాణ్ణి. ఇద్దరికీ ఒకటే ముందుగది, ఒకటే కిటికీ. కిటికీ దగ్గర ఆవిడ మిషను, బల్బు కింద నా బల్ల. సన్నపని నాదే కదా, కిటికీ నాకివ్వచ్చు కదా అంటే, గడియారం లోపల ఏం చేశారో ఎవరు చూడొచ్చారు, నా కుట్టయితే వీధంతా చూస్తుంది అనేది. కత్తెర ఎప్పుడూ గుడ్డల కిందే ఎక్కడో ఉండేది. వెతికే ఓపిక ఎవరికి? కుట్టు అయిందా, దారం నోటికి, టక్. ఏళ్ల తరబడి అలా కొరికీ కొరికీ పై ముందుపంటి అంచున గాడి పడింది. చిన్నదే, దారం కూర్చునేంత. నేను భూతద్దం కంటికి బిగించుకుని చూసి, "ఇందులో నా చక్రం ఒకటి పడుతుందే" అనేవాణ్ణి. "మీ నోటికి తాళం బిగించేవాడెవరైనా ఉంటే చెప్పండి, ముందు అక్కడికి పోదాం" అనేది.

ఆఁ, ఎక్కడున్నాను? మీ నాయనమ్మ ఉద్యోగం సంగతి చెప్పలేదు కదూ. కుట్టుపని నేర్పే బడిలో టీచరు కావాలన్నారు. చిన్నప్పుడు ఆవిణ్ణి చదువు మానిపించి మిషను ముందు కూర్చోబెట్టారు. మళ్లీ బడికి వెళ్లాలని, ఈసారి బల్లకి అవతలివైపు నిలబడాలని ఆవిడ ఆశ. నాతో ఎప్పుడూ అనలేదు. కానీ కొలతలివ్వడానికొచ్చిన ఆడపిల్లల్ని ఊరికే పోనిచ్చేది కాదు, జేబు ఎలా అతకాలో పాఠం చెప్పి మరీ పంపేది. సరే, వెళ్లింది. ఆ బడి ప్రిన్సిపాలమ్మ మహా ఖచ్చితం మనిషి. గోడ మీద పెద్దక్షరాలతో రాయించింది, దారం పళ్లతో కొరకరాదు అని. ఈవిడేమో గుమ్మంలోనే నవ్వింది. "మీ పన్నే చెబుతోందమ్మా, మీరు పిల్లలకి ఏం నేర్పుతారో" అందిట ప్రిన్సిపాలమ్మ. పై వారం కుట్టి చూపించడానికి రమ్మందిగానీ, ఆ రమ్మనడంలో వద్దనడమే ఎక్కువ. మీ నాయనమ్మ ఇంటికొచ్చి మిషను మీద గుడ్డ కప్పేసింది. నేనేదో హాస్యమాడబోతే మొహం అటు తిప్పుకుంది. అప్పుడర్థమైంది నాకు, ఇది నవ్వులాట కాదని.

మర్నాడే పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. కుర్రాడు, కొత్తగా పెట్టాడు. సూది గుచ్చక్కర్లేదు, పంటిరంగు పేస్టు పెట్టి నీలం లైటు వేస్తే గట్టిపడిపోతుంది అన్నాడు. పంటిరంగులు వరసగా గుచ్చిన అట్ట ఒకటి తెచ్చి ఆవిడ పంటి పక్కన పెట్టి ఒకటి ఎంచాడు. ఈవిడ ఊరుకుంటుందా? గుడ్డకి దారం కలపాలంటే లైటు కింద చూడకూడదు బాబూ, గుమ్మంలోకి రా అంటూ కుర్చీలోంచి లేచింది, మెడకి కట్టిన ఆ గుడ్డతోనే. గుమ్మంలో ఎండకి అట్ట అటు తిప్పి ఇటు తిప్పి, అద్దం తెప్పించి, అవతల జనం కాచుకుని కూర్చుని ఉండగా, చివరికి ఎంచింది ఏదనుకున్నావు? అతను మొదట ఎంచినదే. పాపం, చదువుకున్నవాడు, నవ్వేసి అట్ట లోపల పెట్టాడు. ఏదో పుల్లటి మందు రాసి, కడిగి, పేస్టు పెట్టి, దిద్ది, అరగదీసి, అద్దం చేతికిచ్చాడు. గాడి మాయం. "దారం మాత్రం కొరక్కండమ్మా, ఇది మందే, కత్తెర కాదు" అన్నాడు. నేనేమైనా చిన్నపిల్లనా అంది.

పరీక్షనాడు నేనూ వెళ్లాను. వరండాలో బల్ల మీద కూర్చుంటే కిటికీలోంచి అంతా కనపడుతోంది. చేత్తో బొత్తాం కాజా కుట్టమన్నారు. ఎంత చక్కగా కుట్టిందనుకున్నావు, గుండ్రంగా, గింజలు పేర్చినట్టు. కత్తెర ఎదురుగానే ఉంది, చేతికి తగులుతూ. ముడి వేసింది. దారం నోటికెళ్లింది. నేను లేచి నిలబడ్డాను, ఏం లాభం? టక్. ప్రిన్సిపాలమ్మ అప్పుడే వేరే గుడ్డ ఎత్తి వెలుతురుకి చూస్తోంది, గమనించలేదు. మీ నాయనమ్మ కళ్లు ఇంతింతయ్యాయి. పెదాలు బిగించేసింది. ఊడిన పేస్టు ముక్క నాలుక కింద, నవ్వితే గాడి బయట. ఇక చూడు, అడిగినదానికల్లా తలే ఊపుతుంది. జుబ్బా కొలతలు చెప్పమంటే బోర్డు మీద రాసింది. ఆఖరికి ప్రిన్సిపాలమ్మ, వాగుడుకాయ పిల్లల్ని ఎలా అదుపులో పెడతారు అని అడిగింది. ఈవిడ లేచి, నిటారుగా నిలబడి, పెదాల మీద వేలు పెట్టింది. అంతే. ప్రిన్సిపాలమ్మ మురిసిపోయింది, ఇంత మితభాషి దొరకడం మా అదృష్టం అని నాతోనే అంది వరండాలోకి వచ్చి. నవ్వు ఆపుకోలేక నేను దగ్గు నటించాను. ఉద్యోగం వచ్చింది. గేటు దాటగానే ముక్క రుమాల్లోకి ఉమ్మి మొదలుపెట్టింది మాటలు, ఇంటిదాకా ఆపితే ఒట్టు. మధ్యలో ఒక్కసారి ఆగి, "నన్ను టీచరుగారూ అంది, విన్నారా" అని మళ్లీ మొదలు.

డాక్టరు మళ్లీ అతికాడు, కాస్త చీవాట్లు పెట్టి. ఆ తర్వాత మరి ఊడలేదు, ఆవిడ పోయేదాకా. ఎలా అంటావా? బళ్లో కత్తెర మెడలో వేలాడదీసుకుని మహా క్రమశిక్షణ. ఇంట్లో మాత్రం రెండు చేతులా గుడ్డే. దారం నోటిదాకా తీసుకెళ్లి, ఆగి, ఇటు తిరిగి "ఏమండీ" అనేది. నేను నా స్టూలు మీంచి వంగి కొరికేవాణ్ణి. అవతల చేతిలో గడియారం, నోట్లో ఈవిడ దారం. గంటకి ఎన్ని ఏమండీలో. ఒకసారి విసుక్కుంటే, టీచరు భర్త అన్నాక ఆమాత్రం ఉండాలి అంది.

ఆ, అదే. ఈ పన్నే. వేలు పెట్టి చూడకు, కనపడుతోందిగా గాడి. ఏమన్నాడూ మీ డాక్టరు? అరగంట పనా. తెలియకుండా పూడ్చేస్తాడా.

అదుగో, నీ చొక్కా చేతి బొత్తాం వేలాడుతోంది, చూసుకోవేం? ఆ సూదిదారం ఇటు తే. కూర్చో, కదలకు. కత్తెరా? ఉండనీ, కత్తెర వద్దు.