జడ్జిగారింటి వెండి

పాత సామాన్ల దుకాణం. కౌంటరుకి ఇవతల జడ్జిగారి కోడలు, అవతల దుకాణదారు. ఆవిడ సంచీ విప్పి, గొప్పలు మొదలెట్టి అప్పటికే పావుగంటయింది.

"పన్నెండు చెంచాలూ పన్నెండు రకాలుగా ఉన్నాయేంటమ్మా?"

"అదేనండీ పాతకాలం పనితనం! ఒకదానిలా ఇంకోటి ఉండదు."

"దీని మీద హోటల్ ముద్ర ఉంది. దీని మీద రైల్వే ముద్ర. ఇదేమో క్లబ్బుది."

"మా మామగారంటే అందరూ పడి చచ్చేవాళ్ళు. భోజనానికి పిలిచి, వెళ్ళేటప్పుడు ప్రేమగా చేతిలో పెట్టేవాళ్ళు."

"ఒక్కో చెంచా?"

"ప్రేమకి లెక్కలేంటండీ! కోటు లోపలి జేబులు మోచెయ్యంత లోతు కుట్టించుకునేవారు పాపం, ఇచ్చినవాళ్ళ మనసు నొప్పించకూడదని."

"మహానుభావులు."

"నిప్పండీ ఆయన! చెంబు దొంగ దొరికినా రెండేళ్ళకి తక్కువ వేసేవారు కాదు. అన్నట్టు, నేను అవసరమై అమ్మట్లేదు, తెలుసుగా? ఇంట్లో చోటు చాలక."

"తెలుసమ్మా. ఇక్కడికొచ్చే వాళ్ళెవరికీ ఇంట్లో చోటు చాలదు."

"పైన ఎవరండీ, ఆ దగ్గు?"

"మా నాన్న. తొంభై దాటాయి. ఒకప్పుడు పెద్దింట్లో వంటమనిషి. వెండి తోమాడంటే అందులో మొహం కనపడాల్సిందే. ఇప్పుడు మెట్లు దిగడు, మనుషుల్లోకి రాడు."

"అయ్యో, పెద్దవయసు."

"వయసు కాదులెండి. సరే, ఆ గుడ్డలో ఏంటి?"

"కొవ్వొత్తి స్టాండు. అసలు సరుకు ఇదీ!"

"జత ఏదమ్మా? ఇవి రెండేసి చేస్తారు."

"ఒక్కటే వచ్చింది. అంటే... ఒక్కటే ఉంది."

"బరువు బాగుంది. అడుగున..."

"అడుగున ఏమైందండీ? అలా చూస్తారేంటి?"

"తగరం అతుకు. వంకరగా, బొటనవేలంత."

"దాన్ని పట్టుకుని రేటు తగ్గించేస్తారా ఏంటి?"

"లేదమ్మా. లేదు. మీరెంత చెప్తే దానికి రెట్టింపు ఇస్తాను."

"హమ్మయ్య! అంటే, నాకేదో అవసరమని కాదు."

"కాకపోతే మా వ్యాపారంలో ఒక పద్ధతుంది. వస్తువు ఎవరింటిది, ఎప్పుడొచ్చింది, ఎలా వచ్చింది, అమ్మేవాళ్ళు తమ చేత్తో రాసివ్వాలి. పెద్దింటిదని కాగితం ఉంటేనే దానికి విలువ."

"వందేళ్ళ నుంచి మా వంశంలో ఉందని రాయనా?"

"కొనేవాళ్ళు ఇట్టే పట్టేస్తారమ్మా. నిజమే రాయండి, తేదీతో సహా."

"నిజమంటే... మా పెద్దాడు పుట్టిన రోజు రాత్రండీ. మామగారు మిల్లు ఓనరుగారింట్లో విందుకెళ్ళారు. కబురందగానే వచ్చి, కోటులోంచి ఇది తీసి, మనవడికి కానుక, ఓనరు ఇచ్చాడు అన్నారు."

"ఎవరికీ చూపించొద్దనీ అన్నారా?"

"మీకెలా తెలుసు? నలుగురి కళ్ళూ పడతాయని బీరువాలోనే ఉంచమన్నారు."

"అదంతా రాయండి. తేదీ, ఓనరుగారిల్లు, విందు. కోటు కూడా."

"కోటెందుకండీ?"

"జడ్జిగారి కోటంటే ఆ దర్జాయే వేరు కదమ్మా!"

"అదీ నిజమే. ఇదిగో, సంతకం కూడా పెట్టేశాను. జడ్జిగారి కోడల్నని కింద పెద్దక్షరాలతో రాశాను. మరి డబ్బు... అరే, మెట్ల దగ్గరికి వెళ్తున్నారేంటి?"

"నాన్నా! కిందికి రా నాన్నా, ఇక తలెత్తుకుని రా! నువ్వు దొంగిలించావని రెండేళ్ళు జైల్లో పెట్టారే, ఆ కొవ్వొత్తి స్టాండు దొరికింది. నువ్వేసిన అతుకు అలాగే ఉంది. నీకు శిక్ష వేసిన జడ్జిగారింటి నుంచే వచ్చింది, సంతకంతో సహా!"